కుధాన్యం నుంచి సూపర్‌ఫుడ్ దాకా: వాత పిత్త కఫాలు, మన కడప సంగటి ముద్ద

ఈరోజు టాపిక్ మీ ఫోన్‌లో ఇప్పటికే చాలాసార్లు కనిపించి ఉంటుంది. "మీది వాత శరీరమా, పిత్త శరీరమా, కఫ శరీరమా? పది ప్రశ్నలకు జవాబు చెప్పండి, డైట్ చార్ట్ పొందండి" అని రీల్స్ వస్తుంటాయి కదా. ఆ చార్ట్‌లో ఓట్స్ ఉంటాయి, అవకాడో ఉంటుంది, బాదం పాలు ఉంటాయి. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇళ్లలో తినే రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె, ఊరిబిండి మాత్రం ఉండవు. ఉన్నా "సూపర్‌ఫుడ్" అని పేరు మార్చుకుని, ప్యాకెట్‌లో కూర్చుని, మూడింతల రేటుతో ఉంటాయి.

కాబట్టి ఈ ఎపిసోడ్‌లో డైట్ చార్ట్ ఇవ్వను. చరిత్ర చెప్తాను. ఆయుర్వేదం తిండి గురించి అసలు ఏం చెప్పింది? ఎవరిని దృష్టిలో పెట్టుకుని చెప్పింది? మన కరువు సీమలో జనం దాన్ని ఎంతవరకు పాటించగలిగారు? ఈ మూడు ప్రశ్నలు.

మన మాటల్లోనే ఉన్న త్రిదోషాలు

ఆయుర్వేదం చదవని వాళ్లు కూడా తెలుగులో ఆయుర్వేదం మాట్లాడతారు. "మామిడిపండ్లు ఎక్కువ తిన్నాడు, వేడి చేసింది." "వంకాయ వద్దమ్మా, వాతం." "పెరుగన్నం తింటే చలవ." ఎవడైనా పిచ్చిగా మాట్లాడితే "వీడికి పైత్యం ఎక్కింది" అంటాం. వాతం, పైత్యం, శ్లేష్మం... ఇవి మందుల షాపు మాటలు కావు, వంటింటి మాటలు.

పుస్తకంలో వీటి అర్థం సింపుల్‌గా చెప్పాలంటే ఇలా. వాతం అంటే కదలిక, పొడితనం, తేలికదనం. పిత్తం అంటే వేడి, అరుగుదల. కఫం అంటే తడి, బరువు, జిగురు. మూడూ ఒంట్లో ఉండాల్సిందే. ఒకటి అదుపు తప్పితే రోగం అని వాళ్ల సిద్ధాంతం. తిండి, నిద్ర, పని, రుతువు, మనం ఉండే నేల, ఇవన్నీ ఈ మూడింటినీ పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది రక్తపరీక్షలో కనిపించే లెక్క కాదు. రెండు వేల ఏళ్ల క్రితం మనుషులు శరీరాన్ని అర్థం చేసుకోవడానికి కట్టుకున్న ఒక నమూనా. అలా చూస్తేనే చరిత్ర అర్థమవుతుంది.

వాగ్భటుడి టైమ్‌టేబుల్

చరక సంహిత, సుశ్రుత సంహిత, వాగ్భటుడి అష్టాంగహృదయం. ఈ మూడింటినీ బృహత్త్రయి అంటారు. వీటిలో వాగ్భటుడిది సుమారు 7వ శతాబ్దం అని పండితులు అంచనా వేస్తారు. 120 అధ్యాయాలు, అన్నీ పద్యాలు, ఎందుకంటే వైద్యుడు కంఠస్థం చేయాలి. ఆ పుస్తకం మొదలైన వెంటనే, రెండో అధ్యాయమే దినచర్య. మూడోది రుతుచర్య. మందుల సంగతి తర్వాత, ముందు రోజు ఎలా గడపాలో చూడు అన్నట్టు.

దినచర్యలో ఏముందో చూస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే సగం మీ అవ్వ చేసేదే. తెల్లవారకముందే లేవడం. పుల్లతో పళ్లు తోముకోవడం. వాగ్భటుడు చెప్పిన చెట్లలో మన కానుగ కూడా ఉంది. ఒంటికి నూనె పట్టించడం, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు. తర్వాత పిండితో రుద్దుకోవడం. దాన్ని ఉద్వర్తనం అన్నాడు, మనం నలుగు పెట్టుకోవడం అంటాం. వ్యాయామం చేయమన్నాడు కానీ నీ శక్తిలో సగం దాకానే. కడుపులో సగం అన్నం, పావు నీళ్లు, మిగతా పావు ఖాళీ. రాత్రి పెరుగు వద్దు. వచ్చిన ఆవులింత, తుమ్ము, మూత్రం లాంటివి బలవంతంగా ఆపుకోవద్దు. ఆఫీసు కాల్‌లో గంటలు గంటలు కూర్చునేవాళ్లకు ఈ చివరి రూల్ బాగా పనికొస్తుంది!

రుతుచర్య ఇంకా ఇంట్రెస్టింగ్. ఎండాకాలంలో వాతం లోపల పోగవుతుంది, వానాకాలంలో బయటపడుతుంది. వానల్లో పిత్తం పోగవుతుంది, ఆ తర్వాతి శరత్కాలంలో బయటపడుతుంది. చలిలో కఫం పేరుకుంటుంది, వసంతంలో కరుగుతుంది. అందుకే వసంతంలో చేదు, కారం, వగరు తినమన్నారు. మన ఉగాది పచ్చడి సరిగ్గా అప్పుడే వస్తుంది, అందులో వేపపువ్వు పడుతుంది. పగటినిద్ర వద్దంటారు కానీ ఎండాకాలానికి మాత్రం మినహాయింపు. మే నెలలో జమ్మలమడుగులో మధ్యాహ్నం పూట ఒకసారి వీధిలోకి వెళ్లి చూడండి, ఆ మినహాయింపు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

రాయలవారి పుస్తకంలో వంటలు

ఇవన్నీ సంస్కృతం పుస్తకాల్లోనే ఆగిపోయాయా? లేదు. తెలుగులో దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యద. అప్పుడు మన గండికోట కూడా ఆ సామ్రాజ్యంలోదే.

ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు అనే భక్తుడు వచ్చిన అతిథులకు అన్నం పెడుతుంటాడు. ఏ కాలంలో ఏం పెట్టాడో రాయలు వివరంగా రాశాడు. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు. కట్టెలు తడిసి పొగ వస్తుందని ఆయన భార్య కొబ్బరి చిప్పలతో పొయ్యి వెలిగిస్తుంది. ఎండాకాలంలో గోరువెచ్చటి అన్నం, తియ్యటి చారు, పలుచటి అంబలి, చెరుకు రసం, కొబ్బరి నీళ్లు, మజ్జిగ. చలికాలంలో కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి వేసిన కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు, పాయసం, కాగిన నెయ్యి.

ఇప్పుడు దీన్ని వాగ్భటుడి పక్కన పెట్టండి. వానాకాలం ముసురు రోజుల్లో ఎండబెట్టినవి, నూనె నెయ్యి ఉన్నవి తినమన్నాడు ఆయన, ఇక్కడ వరుగులు, నెయ్యి ఉన్నాయి. ఎండల్లో తియ్యగా, చల్లగా, పలుచగా ఉండేవి అన్నాడు, ఇక్కడ అంబలి, చెరుకు రసం. చలికాలంలో ఆకలి బలంగా ఉంటుంది, కొత్త ధాన్యం, బరువైన తిండి పర్వాలేదు అన్నాడు, ఇక్కడ కొత్త బియ్యం, పాయసం. దాదాపు లైన్ టు లైన్ మ్యాచ్. రాజు వైద్యపాఠం చెప్పడానికి రాయలేదు. అది అప్పటి మంచి ఇంటి భోజనం. పుస్తకంలోని రుతుచర్య వంటింట్లో కలిసిపోయిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇంకో సంగతి గమనించారా? చలికాలం కారం కోసం రాయలు మిరియాలు, ఆవాలు అన్నాడు. ఎండు మిరపకాయ లేదు. ఎందుకంటే మిరప అమెరికా ఖండం పంట, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. వేరుశనగ కూడా ఆ ఖండానిదే, రాయలసీమ నిండా పరుచుకున్నది గత నూటయాభై ఏళ్లలోపే. అంటే మన ఎర్రకారం దోశ, మన ఊరిబిండి చరకుడికి గానీ వాగ్భటుడికి గానీ తెలియవు! "వేల ఏళ్ల నాటి సాంప్రదాయ ఆయుర్వేద వంట" అని ఎవరైనా మీకు ఎండుమిర్చి వేసిన రెసిపీ చూపిస్తే నవ్వుకోండి, కానీ తినండి, బాగుంటుంది.

మరి కడప రైతు ఏం తిన్నాడు?

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. విష్ణుచిత్తుడి అతిథికి వరి అన్నం, నెయ్యి దొరికాయి. మెట్టపొలం రైతుకు, కూలికి ఏం దొరికింది?

ఆయుర్వేదం నేలను మూడు రకాలుగా విడదీస్తుంది. నీళ్లు, బురద, దట్టమైన చెట్లు ఉన్న చోటు అనూపం, అక్కడ కఫం ఎక్కువ. వానలు తక్కువ, ముళ్లచెట్లు, పొడిగాలి ఉన్న చోటు జాంగలం, అక్కడ వాతం ఎక్కువ. రెండింటి మధ్యది సాధారణం. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. తుమ్మచెట్లు, రాళ్లు, ఎండగాలి. పుస్తకం ప్రకారం మనది పక్కా జాంగలం. రోగాలు తక్కువ ఉండే నేల అని దీనికి మంచి పేరు కూడా ఉంది పుస్తకాల్లో. కానీ పొడి నేల, వాతం నేల.

ఇక్కడ పండేది ఏంటి? నల్లరేగడిలో జొన్న, పత్తి, పత్తితో కలిపి కొర్ర. మిగతా చోట్ల రాగి, సజ్జ, ఆరిక, సామ. ఈ చిరుధాన్యాలకు సుశ్రుతుడు పెట్టిన పేరు ఏంటో తెలుసా? కుధాన్య వర్గం. "కు" అంటే తక్కువరకం. వాగ్భటుడు తృణధాన్యం అన్నాడు, అంటే గడ్డిగింజలు. వాటి గుణం: తేలిక, వాతం చేస్తాయి, కఫపిత్తాలను తగ్గిస్తాయి, ఒంట్లో కొవ్వును గీకేస్తాయి. కొర్రకు మాత్రం బలమిస్తుంది, విరిగిన ఎముక అతుక్కోవడానికి మంచిది అని ప్రత్యేకంగా మార్కులు వేశాడు.

అంటే వాతం నేలలో, వాతం చేసే గింజ. పుస్తకం లెక్కలో ఇది డబుల్ సమస్య. మరి మన వాళ్లు ఏం చేశారు? సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసుకున్నారు. నెయ్యి లేని ఇంట్లో నువ్వుల పొడి, నూనె. జొన్నరొట్టెకు నూనె కారం, పప్పు. అంబలికి మజ్జిగ. వాతానికి నూనె విరుగుడు, అందులో నువ్వుల నూనె మేలు అని పుస్తకం అంటుంది. పొడి గింజకు జిడ్డు, తడి జోడించాలి అని మన వంటిల్లు అంటుంది. శాస్త్రం చూసి వంట వచ్చిందా, వంట చూసి శాస్త్రం రాశారా అనేది నేను తేల్చను. బహుశా రెండూ ఒకదాని నుంచి ఒకటి నేర్చుకుని ఉంటాయి.

ఇందులో ఇంకో మలుపు ఉంది. ప్రమేహం, అంటే మూత్రం ఎక్కువగా, తియ్యగా పోయే రోగాల గుంపు. ఇప్పటి షుగర్‌ని చాలామంది అందులో చూస్తారు. సుశ్రుతుడు దీనికి వైద్యం చెప్తూ డబ్బున్నవాడికి ఒకటి, లేనివాడికి ఒకటి చెప్పాడు. లేనివాడు చెప్పులు, గొడుగు లేకుండా, భిక్ష తింటూ, ఒక్కో ఊళ్లో ఒక్కో రాత్రి మాత్రమే ఉంటూ నూరు ఆమడలు నడవాలి. బాగా డబ్బున్నవాడు సామల్లాంటి గింజలు, ఉసిరికాయ, వెలగపండు తింటూ అడవిలో జింకల మధ్య బతకాలి. మిగతావాళ్లు పొలం దున్నాలి, లేదా బావి తవ్వాలి. అర్థమైందా? కుధాన్యం అని చిన్నచూపు చూసిన గింజే, ఒళ్లు కదలని ధనవంతుడికి మందు. పేదవాడి కష్టమే వైద్యం. మన సీమ కూలి ఏ వైద్యుడూ చెప్పకుండానే ఆ ప్రిస్క్రిప్షన్ మొత్తం బతికేశాడు.

కరువు ముందు సమతుల్యం

కానీ దీన్ని రొమాంటిక్ చేయకూడదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871, 1881 లెక్కల మధ్య కడప జిల్లా జనాభా పెరగాల్సింది పోయి తగ్గిపోయింది.

ఆ కరువులో తిండి గురించి ఒక పెద్ద గొడవ జరిగింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనుల్లో మట్టి మోసే కూలికి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిగా చిల్లర చాలు అన్నాడు. దీన్నే టెంపుల్ కూలి అన్నారు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా అడ్డం తిరిగాడు. రోజంతా కష్టం చేసే మనిషికి ఇది చాలదు, గింజ ఒక్కటే పెడితే సరిపోదు, పప్పు కూడా కావాలి అన్నాడు. కొన్ని నెలల తర్వాత ఆ రేటు మార్చారు. అప్పటికే చాలామంది పోయారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కడుపులో సగం అన్నం, పావు ఖాళీ అనే సూత్రం అన్నం ఉన్నవాడికి. ఉపవాసం మంచిదనే మాట మూడు పూటలా దొరికేవాడికి. దోషాల సమతుల్యం కన్నా ముందు గింజల సమతుల్యం ఉండాలి. ఆయుర్వేద చరిత్ర చెప్పేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు, మన సీమ వాళ్లం మాత్రం వదలకూడదు.

మద్రాసులో ముగ్గురు తెలుగువాళ్లు

ఆ తర్వాత ఇంగ్లిష్ వైద్యం ఊళ్లకు వచ్చింది. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ల క్యాంబెల్ ఆస్పత్రి మీలో చాలామందికి తెలుసు. ఆయుర్వేదం పాతబడిపోయింది, నాటువైద్యం అని చదువుకున్నవాళ్లు అనుకుంటున్న రోజులు. అప్పుడే మద్రాసులో ఒక తెలుగు గొలుసు మొదలైంది.

మొదటి కొలికి పండిత డి. గోపాలాచార్లు. పుట్టింది మచిలీపట్నంలో, 1872లో. 1898లో మద్రాసులో ఆయుర్వేదాశ్రమం పెట్టారు. ప్లేగు రోజుల్లో ఆయన తయారుచేసిన మందులు పేరు తెచ్చుకున్నాయి. శిష్యులకు పాఠాలు చెప్పారు.

రెండో కొలికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఈయన ఇంగ్లిష్ వైద్యం చదివిన డాక్టర్. చదివాక వెళ్లి గోపాలాచార్లు దగ్గర ఆయుర్వేదం నేర్చుకున్నారు. ఆహారం, వ్యాయామం, దినచర్య గురించి జనానికి అర్థమయ్యే తెలుగులో జీవితాంతం చెప్పారు, రాశారు.

1921లో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్యాల మీద ఉస్మాన్ కమిటీ వేసింది. 1923లో రిపోర్ట్ వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వమే మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల తెరిచింది. వైద్యం గురువు ఇంటి నుంచి కాలేజీ క్లాస్‌రూమ్‌కి మారుతున్న రోజులవి.

మూడో కొలికి పేరు మీరు విన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల రోగంతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తహీనత. మన వైద్యుల భాషలో గ్రహణి లాంటిది. తర్వాత సుబ్బారావుకీ అదే వచ్చింది. ఆయనకు నయం చేసింది ఆచంట లక్ష్మీపతి, ఆయుర్వేద మందుతో అని సుబ్బారావు జీవితకథ రాసినవాళ్లు చెప్తారు. మెడిసిన్ చదివాక సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు కూడా చెప్పారు.

తర్వాత ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. "నాకు తగ్గింది, చాలు, అందరూ ఇదే వాడండి" అనలేదు. అమెరికా వెళ్లారు. చివరికి 1945లో లెడర్లే ల్యాబ్‌లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు పనికొచ్చిన మందు అది. ఈరోజు మన ఊళ్లో గర్భిణులకు ఆశా అక్క ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే ఫోలిక్ యాసిడ్. ఒక మనిషికి నయమైతే అది కథ. వేలమందికి నయమని పరీక్షించి చూపిస్తే అది మందు. ఈ తేడా తెలిసిన మనిషి ఆయన.

రెండు రూపాయల బియ్యం, పది ప్రశ్నల క్విజ్

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. 1877 గుర్తున్న నేలలో అది చిన్న విషయం కాదు. పండగ పూట మాత్రమే తెల్లన్నం చూసిన ఇళ్లలో రోజూ వరి అన్నం వచ్చింది. దాంతోపాటు కొర్ర, ఆరిక పొలాల్లోంచి మెల్లగా వెళ్లిపోయాయి. పులివెందుల వైపు బోర్లు, చీనీ తోటలు, అరటి తోటలు వచ్చాయి. పిల్లలు బెంగళూరు, హైదరాబాద్‌లో కుర్చీ ఉద్యోగాలకు వెళ్లారు, నాలాగా. తిండి పెరిగింది, నడక తగ్గింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. సుశ్రుతుడు చెప్పిన "ఒళ్లు కదలని డబ్బున్నవాడు" ఇప్పుడు మనమే, డబ్బు సంగతి ఎలా ఉన్నా! అదే 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. కుధాన్యం కాస్తా సిరిధాన్యం అయింది.

మరి ఆ దోషాల క్విజ్ ఎక్కడ పుట్టింది? ప్రకృతి అనే ఆలోచన పాతదే, చరకుడిలోనే ఉంది. కానీ వైద్యుడు మనిషిని, వయసును, ఊరిని, రుతువును, ఆకలిని అన్నీ చూసి చెప్పాలి. ప్రశ్నలకు టిక్ పెట్టి "నేను పిత్త టైప్" అని తేల్చుకునే పద్ధతి 1980, 90ల్లో అమెరికాలో వచ్చిన పుస్తకాలతో బాగా పాపులర్ అయింది. దీపక్ చోప్రా పర్ఫెక్ట్ హెల్త్ అలాంటిదే. అక్కడి నుంచి యాప్‌లకు, యాప్‌ల నుంచి మన రీల్స్‌కు. ఈ క్విజ్‌కి మీరు జమ్మలమడుగులో ఉన్నారా, జర్మనీలో ఉన్నారా తెలియదు. మే నెలా, డిసెంబరా తెలియదు. దేశం, కాలం వదిలేసిన ఆయుర్వేదం, లొకేషన్ ఆఫ్ చేసి మ్యాప్ చూసినట్టు ఉంటుంది.

మనం ఏం తీసుకోవచ్చు

నా వరకు ఈ చరిత్ర నుంచి మూడు సంగతులు తీసుకుంటాను. ఒకటి, తిండి నేలను బట్టి, కాలాన్ని బట్టి, చేసే పనిని బట్టి ఉండాలి. ఇది మంచి ఆలోచన, దీనికి ఖరీదైన ప్యాకెట్ అక్కర్లేదు. మీ ఊరి సంతలో కొర్రలు దొరుకుతాయి. రెండు, కూర్చుని పనిచేసేవాడి ముద్ద, గడ్డపార పట్టినవాడి ముద్ద ఒకే సైజులో ఉండకూడదు. సంగటి మంచిదని మూడు ముద్దలు లాగిస్తే అదీ షుగర్ పెంచేదే. మూడు, టైమ్‌కి నిద్ర, నడక, కడుపులో కొంచెం ఖాళీ, వీటికి ఏ వైద్యమూ అడ్డు చెప్పదు.

ఇంకొకటి సీరియస్‌గా చెప్తున్నా. ఇంట్లో నాన్నకో అమ్మకో షుగర్, బీపీ మాత్రలు ఉంటే, ఏ రీల్ చూసీ వాటిని ఆపించొద్దు. "వాతం తగ్గిస్తే షుగర్ పోతుంది" అని ఎవరన్నా సరే. చిరుధాన్యం మొదలుపెట్టినా డాక్టర్‌కి చెప్పి, పరీక్షలు చేయించుకుంటూ మొదలుపెట్టండి. పేరు తెలియని భస్మాలు, పొడులు కొరియర్‌లో తెప్పించుకోవద్దు. వాటిలో సీసం, పాదరసం లాంటివి ఉంటే కిడ్నీలు పోతాయి.

ఈ వారం ఒక పని చేయండి. మీ అవ్వనో జేజినాయననో కూర్చోబెట్టి, మీ చిన్నప్పుడు ఏ నెలలో ఏం తినేవాళ్లు, కరువు రోజుల్లో ఏం తినేవాళ్లు అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. రాయలవారు విష్ణుచిత్తుడి ఇంటి మెనూ రాసిపెట్టారు కాబట్టి ఐదొందల ఏళ్ల తర్వాత మనకు తెలిసింది. మన సంగటి ముద్ద మెనూ ఎవరూ రాయలేదు. చెప్పగలిగిన వాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.